పెద్దయ్యాక టెన్త్ పాస్ అవ్వాలంటే ఏం చెయ్యాలి, మా నడిగడ్డలో చూసింది చెప్తున్నా

నేను మండల కేంద్రంలో చిన్న జిరాక్స్ షాపు, దాంతోపాటే ఆన్‌లైన్ సెంటర్ నడుపుతా. ఓపెన్ టెన్త్ (రోజూ బడికి పోకుండా రాసే పదో తరగతి) అప్లికేషన్ల సీజన్ వస్తే రోజుకి ఇద్దరు ముగ్గురైనా వస్తారు, అందరూ ముప్పై దాటినవాళ్ళే. షాపులో జనం ఉంటే లోపలికి రారు, బయట బండి దగ్గరే నిలబడి అందరూ పోయాక మెల్లగా వచ్చి "తమ్మీ, ఆ పదో తరగతిది ఏదో ఉందంట కదా" అని అడుగుతారు. పాన్ కార్డు కావాలని అరిచి అడిగేవాళ్ళే దీని దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు, ఎందుకో మరి. వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్తున్నా కాబట్టి ఒకసారి ఇక్కడ రాసి పెడుతున్నా, మీ ఇంట్లో అక్కకో వదినకో బాబాయికో పనికొస్తే పంపించండి.

ముందే ఒక మాట. చదువు బుర్రకెక్కక ఆగిపోయిన పెద్దవాళ్ళని నేను తక్కువే చూశా. ఎక్కువమంది ఆగేది మూడు చోట్ల: కాగితాల్లో పేరో పుట్టిన తేదీనో తేడా వచ్చి, తెలియక తప్పు సబ్జెక్టులు పెట్టుకుని, లేదంటే పరీక్ష సరిగ్గా పొలం పని మీద పడి. ఈ మూడూ ముందే చూసుకుంటే మిగతాది కష్టమే గానీ అయ్యే కష్టం.

మాది జోగులాంబ గద్వాల జిల్లా, కృష్ణకీ తుంగభద్రకీ మధ్య ఉన్న నడిగడ్డ. గద్వాల అంటే బయటివాళ్ళకి పట్టుచీర గుర్తొస్తుంది, మాకు సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పండించే పత్తి గుర్తొస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మా జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణ మొత్తం మీద అన్నిటికంటే కింద. అది కూడా ఏడేళ్ళు దాటినవాళ్ళలో ఏదో ఒక భాషలో చదివి రాయగలిగితే లెక్కలోకి వచ్చేసే అంకె, టెన్త్ పాస్ సంగతి అడిగితే ఇంకా చాలా కిందికి పోతుంది. దేశం మొత్తం తీసుకున్నా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో పదేళ్ళు, అంతకంటే ఎక్కువ చదివినవాళ్ళు 41 శాతమే, పల్లెటూళ్ళలో అయితే 33.7. మా దగ్గర కారణం ఎవర్నడిగినా ఒకటే చెప్తారు, క్రాసింగ్. సీడ్ పత్తిలో సాయంత్రం మొగ్గలు విప్పి మగ భాగం తీసెయ్యాలి, తెల్లారి వేరే పువ్వు పుప్పొడి తెచ్చి దానికి రుద్దాలి, చెట్టు చెట్టుకీ పువ్వు పువ్వుకీ చేత్తో చేసే పని. చిన్న చేతులైతే బాగా అవుతుందని పిల్లల్ని పెట్టేవాళ్ళు. బడులు జూన్‌లో తెరిస్తే ఆగస్టుకల్లా సగం బెంచీలు ఖాళీ. మా వదిన ఏడో తరగతి అట్లనే ఆపేసింది, ఆ ఏడాది క్రాసింగ్‌కి పోయి మళ్ళీ బడికి పోలేదు. ఆమెతోనే నాకు ఈ పని అలవాటైంది, షాపు పెట్టిన కొత్తలో నింపిన మొదటి ఓపెన్ టెన్త్ ఫారం ఆమెదే, అప్పటికి ఆమెకి 34.

ఇక అసలు విషయం.

మొదట ఎందుకు చదువుతున్నారో తేల్చుకోండి. ఇది నీతులు చెప్పడానికి అనట్లేదు, ఏ సబ్జెక్టులు పెట్టుకోవాలో దీన్నిబట్టే ఉంటుంది. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ కావాలా, ఐటీఐకి పోవాలా, గల్ఫ్‌కి పోవాలా, లేక ఊరికే నేను టెన్త్ అని చెప్పుకోవాలా (ఇది కూడా మంచి కారణమే, నవ్వకండి). గల్ఫ్ సంగతి కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళకి బాగా తెలుసు, టెన్త్ మెమో ఉంటే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడదు, అది పడితే సౌదీ, కువైట్, ఖతర్ లాంటి దేశాలకి పనికి పోయేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అంగన్‌వాడీకి ఇప్పుడు ఇంటర్ అడుగుతున్నారు, కానీ ఇంటర్‌కి పోవాలన్నా ముందు టెన్త్ దాటాల్సిందే కదా.

రెండోది, ఎక్కడ చేరాలి. తెలంగాణలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, అందరూ టాస్ అంటారు. ఆంధ్రాలో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, అది 1991 నుంచి ఉంది. ఇవి కాక దేశం మొత్తానికి ఎన్ఐఓఎస్ అని కేంద్రం ఓపెన్ స్కూల్ ఉంది, 1989లో పెట్టారు, మా జిల్లా నుంచి బొంబాయి, బెంగళూరు వలస పోయి అక్కడే ఉండిపోయినవాళ్ళకి అదే నయం, తెలుగు మీడియంలో కూడా రాసుకోవచ్చు. ఊళ్ళో ఉండేవాళ్ళకి మాత్రం నేను టాసే చెప్తా, ఎందుకంటే స్టడీ సెంటర్ పక్కనే ఏదో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఉంటుంది, అడగడానికి మనిషి దొరుకుతాడు. వయసు 14 నిండితే చాలు, పైన ఎంతైనా ఉండొచ్చు. ఐదో తరగతి చదివానా ఏడో తరగతి చదివానా అని పట్టింపు లేదు, అసలు బడి మెట్లెక్కనివాళ్ళు కూడా చదవడం రాయడం వస్తే చేరొచ్చు. సర్టిఫికెట్ విలువ రెగ్యులర్ టెన్త్‌తో సమానం. "ఓపెన్‌ది చెల్లదంట" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరుంటారు, వాళ్ళ మాట వినకండి.

అసలు చదవడమే రానివాళ్ళు నేరుగా ఇందులో దూకొద్దు. 15 ఏళ్ళు దాటిన నిరక్షరాస్యుల కోసం ఉల్లాస్ అని కేంద్రం పథకం నడుస్తుంది, 2022లో మొదలైంది, ఊళ్ళో వాలంటీర్లే నేర్పిస్తారు, చివర్లో చదవడం, రాయడం, లెక్కలు మూడింటికీ కలిపి 150 మార్కులకి ఒక పరీక్ష పెడతారు. ముందు అది అవ్వనివ్వండి. అక్షరాలు కూడబలుక్కునే దశలో సైన్స్ పుస్తకం చేతిలో పెడితే మనిషి బెదిరిపోతాడు, ఇంక ఆ వైపు చూడడు.

మూడోది కాగితాలు, ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, నా షాపులో సగం గొడవలు ఇవే. టెన్త్ మెమో మీద పడ్డ పేరు, పుట్టిన తేదీ ఇంక జీవితాంతం ఉంటాయి, పాస్‌పోర్టు, ఉద్యోగం, పెన్షన్ అన్నింటికీ అదే చూస్తారు. కాబట్టి అప్లికేషన్ నింపేముందు ఆధార్, పాత బడి రికార్డ్ షీట్, కుల సర్టిఫికెట్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మా వదిన ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. మా ఊళ్ళో సగం మంది జనవరి 1నే పుట్టారు ఆధార్ ప్రకారం, ఎందుకంటే తేదీ తెలియక ఏడాది మాత్రం చెబితే అట్లనే పడేది. బడి రికార్డ్‌లో మాత్రం జూన్ నెల తేదీ ఉంది, ఏడాది కూడా రెండేళ్ళు తేడా. ఏది సరైనదో ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకుని, బడి రికార్డ్ చూపించి ఆధార్ సరిచేయించి, ఆ తర్వాతే ఫారం నింపాం. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే ఛాన్స్ ఒక్కసారే ఉంటుంది, తొందరపడి ఏదో ఒకటి కొట్టించేస్తే ఇంక అంతే.

రికార్డ్ షీట్ కోసం మీరు చదివిన బడికే పోవాలి. అడ్మిషన్ రిజిస్టర్ అక్కడే ఉంటుంది, హెడ్మాస్టర్‌కి ఏ ఏడాది చేరారో సుమారుగా చెప్తే వెతికి ఇస్తారు. ఖాళీ చేతులతో పోకండి, మీతోపాటు చదివినవాళ్ళ పేర్లు రెండు చెప్పండి, ఆ పేర్లు దొరికితే ఆ పేజీల్లోనే మీ పేరు కూడా ఉంటుంది. వదినది అట్లనే దొరికింది, ఆమె పేరు తప్పు స్పెల్లింగ్‌తో ఉంది కానీ వాళ్ళ నాన్న పేరు, పక్కన స్నేహితురాలి పేరు చూసి పట్టుకున్నాం. బడికే పోనివాళ్ళకి బర్త్ సర్టిఫికెట్ కావాలి, పుట్టినప్పుడు నమోదు చేయించకపోతే లేట్ రిజిస్ట్రేషన్ కింద మీసేవలో పెడితే ఆర్డీఓ ఆఫీసు దాకా పోయి వస్తుంది, దీనికి నెలలు పట్టొచ్చు, అందుకే అడ్మిషన్లు తెరిచాక కాదు, ఎండాకాలంలోనే మొదలుపెట్టండి.

ఇంకోటి ఆడవాళ్ళకి ప్రత్యేకంగా. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఆధార్ అత్తగారి ఇంటిపేరుతో ఉంటుంది, బడి రికార్డ్ పుట్టింటి పేరుతో ఉంటుంది. రెండూ తలో రకంగా ఉన్న ఫారం పంపిస్తే తర్వాత ఉద్యోగం వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు. నా సలహా పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరుతోనే మెమో ఉంచుకోండి అని, మిగతావి దానికి తగ్గట్టు సరిచేయించుకోవడం సులువు. దీని మీద ఇళ్ళల్లో చిన్న చిన్న అలకలు వస్తాయి, మా అన్న కూడా "ఏంది, మా ఇంటిపేరు పనికిరాదా" అన్నాడు, వదినే "నీ ఇంటిపేరుతో నేను ఏడో తరగతి చదవలే" అని చెప్పేసింది.

నాలుగోది సబ్జెక్టులు. కనీసం ఐదు ఉండాలి, అందులో ఒకటైనా భాష ఉండాలి, భాషలు రెండు దాకా పెట్టుకోవచ్చు. హోమ్ సైన్స్, సైకాలజీ, ఎకనామిక్స్ లాంటివి కూడా ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. లెక్కలంటే భయం, ఇంగ్లీష్ అంటే భయం, కాబట్టి ఆ రెండూ వదిలేసి మిగతావి పెట్టుకుని చక్కగా పాస్ అయిపోతారు. తర్వాత గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్ పడుతుంది, అందులో టెన్త్‌లో లెక్కలు, ఇంగ్లీష్ పాసై ఉండాలి, స్థానిక భాష చదివి ఉండాలి అని రాసి ఉంటుంది. అప్పుడు మెమో పట్టుకుని నా దగ్గరికొస్తే నేనేం చెయ్యను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి లెక్కలు, సైన్స్ అడుగుతారు, పాలిటెక్నిక్‌కి లెక్కలు లేకుండా పాలిసెట్ రాయలేరు. అందుకే ఊరికే పేరు కోసం కాకుండా ఏదైనా పని కోసం చదివేవాళ్ళు తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్, సోషల్ ఈ ఐదే పెట్టుకోండి, ఇంకో ఆరు నెలలు ఎక్కువ పట్టినా పర్లేదు. ఒక్కో సబ్జెక్టులో 35 వస్తే పాస్, ఎన్ఐఓఎస్‌లో అయితే 33. పాసైన సబ్జెక్టులు మళ్ళీ రాయక్కర్లేదు, మిగిలినవి మాత్రం రాసుకోవచ్చు, అడ్మిషన్ ఐదేళ్ళు ఉంటుంది, తొమ్మిది ఛాన్సులు. అంటే అన్నీ ఒకేసారి రాయాలని లేదు, మొదటిసారి తెలుగు, సోషల్, సైన్స్, తర్వాత లెక్కలు, ఇంగ్లీష్ అని విడగొట్టుకోండి. డాక్ సేవక్‌కి మాత్రం టెన్త్ మార్కుల మీదే మెరిట్ తీస్తారు, కాబట్టి 35తో గట్టెక్కితే చాలు అనుకునే లెక్క అక్కడ పనికిరాదు. జనరల్ వాళ్ళకి 40 ఏళ్ళు వయసు పరిమితి, బీసీకి 3, ఎస్సీ, ఎస్టీకి 5 ఏళ్ళు సడలింపు ఉంటుంది. సైకిల్ తొక్కడం కూడా రావాలంటారు, అది మా వదినకి బాగా వచ్చు.

ఫీజు ఏడాదేడాదికీ మారుతుంది, నోటిఫికేషన్ చూసుకోండి, ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులకి తక్కువ. అడ్మిషన్ ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు, ఇది తెలియక ఒకసారి కట్టేసి ఊరుకుని హాల్‌టికెట్ రాలేదని వచ్చేవాళ్ళున్నారు. పరీక్ష ఫీజు గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గీసి పెట్టుకోండి.

ఇప్పుడు సీజన్ సంగతి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఒకటి ఎండాకాలంలో ఏప్రిల్, మే ప్రాంతంలో, రెండోది సెప్టెంబర్, అక్టోబర్ వైపు. ఆ రెండోది మా దగ్గర నిండు క్రాసింగ్ మీద పడుతుంది, కూలి వదులుకుని ఎవరు పోతారు. అందుకని మా వైపు వాళ్ళకి నేను చెప్పే లెక్క ఇది: వానాకాలంలో అడ్మిషన్ పెట్టెయ్యండి, క్రాసింగ్ అయ్యేదాకా పుస్తకం ముట్టకపోయినా ఏమీ కాదు, దీపావళి దాటాక మెల్లగా మొదలుపెట్టి, సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా మూడు నెలలు గట్టిగా కూర్చోండి. వరి ఎక్కువుండే ఊళ్ళవాళ్ళు నాట్లు, కోతలు చూసుకుని మీ లెక్క మీరు వేసుకోండి. స్టడీ సెంటర్లో ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులు ఉంటాయి, అన్నీ కుదరకపోయినా లెక్కలు, ఇంగ్లీష్ క్లాసులు మాత్రం మిస్ చేయొద్దు. పుస్తకాలు సెంటర్ నుంచే ఇస్తారు, ఆలస్యమైతే పీడీఎఫ్‌లు ఉంటాయి.

చదవడం మొదలుపెట్టాక ముందు నొప్పెట్టేది తల కాదు, చెయ్యి. ఇది ఎవరూ చెప్పరు. ఇరవై ఏళ్ళు పెన్ను పట్టని చెయ్యి, సంతకం తప్ప ఇంకేం రాయని చెయ్యి, ఒక్కసారిగా మూడు గంటలు రాయమంటే రాయదు. వదిన మొదటిరోజు సోషల్ పుస్తకంలోంచి అర పేజీ చూసి రాయడానికి 20 నిమిషాలు పట్టింది, పెన్ను ఎంత గట్టిగా పట్టిందంటే వేలి మీద గుంట పడింది, అక్షరాలు వెనక పేజీకి అచ్చయ్యాయి. ఆ నెలంతా మేం పాఠం ఏమీ చదివించలేదు, రోజూ రాత్రి వంట అయ్యాక పాత పేపర్‌లో ఒక వార్త చూసి రాయడం, అంతే. నెల తిరిగేసరికి అదే అర పేజీ 8 నిమిషాలకి వచ్చింది. దయచేసి మీరు కూడా ఇట్లనే మొదలుపెట్టండి, జవాబులు తెలిసి కూడా టైం చాలక ఫెయిలైనవాళ్ళని చూశా. పరీక్షకి నెల ముందు రెండు ఆదివారాలు మూడు గంటలు లేవకుండా పాత పేపర్ రాయించండి. మా ఇంట్లో కుట్టు మిషన్ బల్ల మీద రాసింది, మధ్యలో బ్లౌజు కోసం ఎవరో వస్తే మా అమ్మ వాకిట్లోంచే "ఆమె పరీక్షల ఉంది, రేపు రా" అని పంపించింది, ఊరంతా తెలిసిపోయింది, అదీ మంచిదే అయింది.

లెక్కల గురించి ఒక కిటుకు. పెద్దవాళ్ళకి లెక్కలు రావనుకోవడం తప్పు, పుస్తకం భాష రాదు అంతే. బారువడ్డీ పాఠంలో పదివేలకి ఏడాదికి 24 శాతం చొప్పున 8 నెలలకి వడ్డీ ఎంత అని ఉంటే వదిన బిత్తరపోయి చూసింది. నేను "వదినా, సంఘంలో పదివేలు తీసుకున్నవ్, నూటికి రెండు రూపాయల వడ్డీ, ఎనిమిది నెలలు, ఎంతైతది" అన్నా. నేను నోరు మూసేలోపే "పదారొందలు" అనేసింది. నూటికి రెండంటే నెలకి, ఏడాదికి అదే 24 శాతం, రెండూ ఒకటేనని తెలిశాక ఆ పాఠంలో ఇంక ఏ లెక్కా ఆగలేదు. భూమి కొలతలు, లాభనష్టాలు, శాతాలు అన్నీ ఇట్లనే వాళ్ళు రోజూ చేసేవే, ముందు నోటితో చెప్పించి తర్వాత ఆ మెట్లు కాగితం మీద పెట్టించండి. మెట్లు రాయకుండా జవాబు ఒక్కటే రాస్తే మార్కులు పోతాయి, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్ళు మనసులో చేసేసి చివరి అంకె మాత్రం వేస్తారు. ఇంగ్లీష్‌కి నా దగ్గర ఇంత మంచి కిటుకు లేదు, లెటర్ రాయడం, పాసేజ్ చదివి జవాబులు రాయడం ఈ రెండూ బాగా చేయించండి, ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళకి అప్పజెప్పండి, పిల్లలు అమ్మకి మార్కులు వెయ్యడం అంటే సరదా పడతారు.

ఇక బ్రోకర్లు. "మీరు రానక్కర్లేదు, మేమే రాయిస్తాం, పాస్ గ్యారంటీ, ఇంత ఇవ్వండి" అని ప్రతి సీజన్‌లో ఎవడో ఒకడు తిరుగుతాడు. నా షాపుకి ఒకామె ఇట్లనే డబ్బులు కట్టి తెచ్చుకున్న మెమో స్కాన్ చేయమని తెచ్చింది, ఏదో ఊరూ పేరూ లేని బోర్డు, దాని నంబర్ ఎక్కడ కొట్టినా రాదు. చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టిందంట. ఎవడైనా గ్యారంటీ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మీ తరఫున ఇంకొకరు రాస్తే దొరికేది మీరు కూడా, కేసులు అవుతాయి.

ఊళ్ళో నలుగురితో కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. మహిళా సంఘం మీటింగ్ రోజు పోయి అడగండి, ఊళ్ళో సంఘాల లెక్కలు చూసే వీఓఏకి అందరి సంగతీ తెలుస్తుంది. అడిగేటప్పుడు "నువ్వు చదువుకున్నావా" అని అడగకండి, లేదని తల దించుకుంటారు, మాట అక్కడితో అయిపోతుంది. "అక్కా, బడి ఏ క్లాసుల బంద్ పెట్టినవ్" అని అడగండి, అప్పుడు చూడాలి, ఎవరెవరు ఎందుకు ఆపారో, ఏ సారు కొట్టాడో, ఎవరి పెళ్ళి ఎప్పుడైందో అన్నీ వస్తాయి, అందులో కనీసం ఇద్దరు ముగ్గురు మళ్ళీ చేరతామంటారు. ముగ్గురు కలిసి ఆటోలో పరీక్షకి పోతే ఛార్జీ కూడా తగ్గుతుంది.

వదిన మొదటిసారి నాలుగు పాసై లెక్కల్లో పోయింది, 29 వచ్చాయి. బాగా ఏడ్చింది, నేను కూడా ఏం చెప్పాలో తెలియక షాపుకి పోయి కూర్చున్నా. రెండో ఛాన్స్ క్రాసింగ్ టైంలోనే పడింది, తెల్లారి క్రాసింగ్ పని కాస్త ముందే చేసి, చేతులకి అంటిన పుప్పొడి కడుక్కోకుండానే బండి ఎక్కింది, 52 వచ్చాయి.

చివరిగా, మెమో చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సబ్జెక్టులు అక్కడికక్కడే చూసుకోండి, తప్పుంటే అదే వారం సెంటర్‌లో అప్లికేషన్ పెట్టండి, ఏళ్ళు గడిచాక పోతే తిప్పుతారు. నాలుగు జిరాక్సులు తీయించి, ఫోన్‌లో స్కాన్ పెట్టుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి, రేపు ఎక్కడైనా వెరిఫికేషన్‌లో మెమో మీద ముద్ర వెయ్యాల్సి వస్తే ఆ ప్లాస్టిక్ మీద ఏం వేస్తారు, పీకితే కాగితమే చిరుగుతుంది. నా షాపులో లామినేషన్‌కి 30 రూపాయలు తీసుకుంటా, అయినా చెప్తున్నా, మెమోకి వద్దు.